సమ్మర్ క్యాంప్‌లో సోలో ఫొటో: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ఏప్రిల్, మే నెలల్లో నడిచే క్రికెట్ క్యాంపుల్లో చివరి వారం ఒక్కొక్కరికీ విడిగా ఫొటో తీయించడం మామూలే. గ్రూప్ ఫొటోలో చిన్న లోపాలు గుంపులో కలిసిపోతాయి. సోలో ఫొటోలో దాక్కోవడానికి చోటుండదు.

సమస్య: మొహం బిగుసుకుపోయింది, నవ్వు అతికించినట్టుంది

కారణం చాలాసార్లు ఫొటోగ్రాఫర్ వెనక నిలబడ్డ మనమే. "నవ్వరా" అని అమ్మ, "గడ్డం ఎత్తు" అని నాన్న, "ఇటు చూడు" అని ఫొటోగ్రాఫర్. ఎవరి మాట వినాలో తెలియక పిల్లలకు టెన్షన్ వచ్చేస్తుంది.

ముందు పెద్దవాళ్లు కనబడనంత దూరం వెళ్లాలి. తర్వాత నాలుగు బంతులు ఆడనివ్వండి, ఒళ్లు వదులవుతుంది. "పోజు పెట్టు" అనే బదులు "కవర్ డ్రైవ్ కొట్టాక బ్యాట్ ఎక్కడ ఆగుతుందో చూపించు" అని అడిగితే చేతులూ భుజాలూ వాటంతటవే సరైన చోటికి వస్తాయి. నవ్వి తీరాలనేం లేదు. బౌలర్ వైపు చూసే ఆ సీరియస్ చూపు చాలామందికి నవ్వుకన్నా నప్పుతుంది. పళ్లు కనబడాలన్న పట్టుదల మనదే! ముందురోజు అద్దం ముందు రిహార్సల్ మాత్రం వద్దు.

సమస్య: కళ్ల కింద నల్లటి నీడలు, చికిలించిన కళ్లు

ఎండ నడినెత్తిన ఉంది, పైగా టోపీ అంచు నీడ కళ్ల మీద పడుతోంది. ఉదయం 7:30 లోపు గానీ సాయంత్రం 5 దాటాక గానీ తీయించండి. టైమ్ మన చేతిలో లేకపోతే భవనం నీడ అంచున, వెలుతురు వైపు మొహం పెట్టి నిలబెట్టాలి. చెట్టు నీడ అంత మంచిది కాదు, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు పడతాయి. టోపీ కొంచెం వెనక్కి జరపాలి. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంటే చాలు, గ్రిల్ గీతలు మొహం మీద పడవు.

సమస్య: డ్రెస్ తెల్లగా మెరుస్తోంది, మొహం చీకటిగా ఉంది

తెల్ల బట్టల వెలుగు చూసి కెమెరా మొత్తం ఫొటో వెలుగునే తగ్గించేస్తుంది. ఫోన్ అయితే స్క్రీన్ మీద మొహం దగ్గర తాకి, వెలుగు కాస్త పెంచండి. చొక్కా మడతలు మాయమయ్యేంత పెంచకూడదు. దీనికి పౌడర్ మందు కాదు. ఫ్లాష్ పడితే మొహం బూడిద పూసినట్టుంటుంది.

సమస్య: జిడ్డు మెరుపు

చెమట, పొద్దున పెట్టిన కొబ్బరినూనె. ముందురోజు తలస్నానం, ప్రాక్టీస్‌కు ముందే ఫొటో, జేబులో పొడి రుమాలు. హెయిర్ కట్ నాలుగైదు రోజుల ముందే అయిపోవాలి.

సమస్య: ఫొటో బాగుంది, కోచ్ మాత్రం నవ్వాడు

ప్యాడ్ బకిల్స్ కాలి లోపలి వైపు ఉండి ఉంటాయి. అవి బయటి వైపుకి రావాలి. కుడిచేతి వాటం బ్యాటర్‌కు హ్యాండిల్ మీద ఎడమ చెయ్యి పైన ఉండాలి. అన్నయ్య బ్యాట్ కొత్తగా ఉందని అది పట్టిస్తే నడుము దాటి పైకొస్తుంది. గీతలు పడ్డా సరే, రోజూ ఆడే బ్యాటే ఇవ్వండి.