చేప నూనె ఎమల్షన్ ఎక్కించే ముందు ఇవి చూడండి

నెలలుగా ఆహారమంతా సిర ద్వారానే వెళ్లి, కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన పసిపిల్లలకి ఒమెగావెన్ (నీటిలో సన్నని బిందువులుగా కలిపిన చేప నూనె, 100 మి.లీ.లో 10 గ్రాములు) మొదలుపెట్టే నర్సులకి, జూనియర్ డాక్టర్లకి.

పంపు స్పీడ్. అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. 2 కిలోల పాపకి కిలోకి 1 గ్రాము నూనె చొప్పున రోజుకి 20 మి.లీ. అవుతుంది, 20 గంటల్లో ఎక్కించాలంటే గంటకి ఒక్క మి.లీ.యే, కానీ పక్క పంపులో గ్లూకోజ్ గంటకి 10 దాకా పోతుండొచ్చు. ఈ రెండు అంకెలూ తారుమారైతే రోజంతా వెళ్లాల్సిన కొవ్వు రెండు గంటల్లో పాప ఒంట్లోకి వెళ్లిపోతుంది. ట్యూబుని సీసా నుంచి పాప దాకా చేత్తో పట్టుకుని చూడండి, ఇంకొకరికీ చూపించండి, ప్లీజ్.

సీసా పేరు. సిర ద్వారా ఇచ్చే ఇంకో కొవ్వు మందు స్మోఫ్‌లిపిడ్ వేరు: అది 20 శాతం ఎమల్షన్, ఒమెగావెన్ 10. అదే మి.లీ. ఇస్తే కొవ్వు రెట్టింపు, పైగా అందులోని కొవ్వులో చేప నూనె 15 శాతమే.

ఎలర్జీ. చేపతో పాటు గుడ్డు గురించీ అడగండి, ఇందులో గుడ్డు ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి.

ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు). మొదలుపెట్టక ముందే రక్తపరీక్ష. 1000 mg/dL దాటితే ఇవ్వకూడదు, తీవ్రమైన రక్తస్రావ సమస్య ఉన్నా అంతే.

ఫిల్టర్. లైన్‌లో పెట్టే ఫిల్టర్ రంధ్రాలు 1.2 మైక్రాన్. 0.22 పెడితే కొవ్వు బిందువులు దూరక లైన్ మూసుకుపోతుంది.

నూనె విడిపోయి పైకి తేలిన సీసా వాడొద్దు.