క్రిస్మస్ స్టారు, సీరియల్ లైట్లు ప్రమాదం లేకుండా ఎలా కట్టాలి?

డిసెంబరు రాగానే అటక మీది అట్టపెట్టె కిందికి దిగుతుంది. నిరుడు హడావిడిగా చుట్టి పడేసిన సీరియల్ సెట్లు, నలిగిన కాగితం స్టారు, కాలు విరిగిన గొర్రెపిల్ల బొమ్మ అన్నీ ఒకే ముద్దగా బయటపడతాయి. చాలామంది ఆ ముద్దనే నేరుగా ప్లగ్గులో పెట్టి, వెలుగుతుందో లేదో చూస్తారు. అలా వద్దు. ఒక పూట కేటాయించుకుని, పగటి వెలుతురులో మొదలుపెట్టండి.

1. ముందు తీగలు చూడండి

ప్లగ్గు పెట్టకుండానే సెట్టును నేల మీద పరిచి, తీగను వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తూ మొత్తం తడిమి చూడండి. ఎలుక కొరికిన చోటు, పగిలిన తొడుగు, నల్లబడిన ప్లగ్గు దొరికిపోతాయి. ఎలుక కొరికిన సెట్టుకు టేపు చుట్టి వాడుకోవాలని చూడకండి, పారేయండి.

ఇన్ని లైట్లు పెడితే లోడు ఎక్కువవుతుందేమోనని అందరికీ భయం. నిజానికి ఎల్ఈడీ సెట్టు తీసుకునేది కొద్ది వాట్లే. 230 వోల్టుల కరెంటు మీద 6 ఆంపియర్ల సాకెట్టు సుమారు 1,380 వాట్లు మోయగలదు. అసలు దొంగ లోడు కాదు, జాయింటు. వదులుగా మెలిపెట్టిన తీగల దగ్గర వేడి పుడుతుంది. ఒక ఏడాది మా ఇంట్లో యేసు పుట్టుకను చూపే బొమ్మల పశువుల పాక మీద మంచులా కనిపించాలని దూది పరిచాం. దాని కింద అలాంటి జాయింటు ఒకటి ఉండిపోయింది. మర్నాడు గుడ్డ కాలిన వాసన వస్తుంటే దూది ఎత్తి చూశాం. రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ! అదే రాత్రి అంటుకుని ఉంటే పక్కనే వరిగడ్డి.

అందుకే తీగ పొడవు చాలకపోతే అతుకులు వేయకండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడండి. ప్లగ్గు లేని తీగ కొసలను సాకెట్టు రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లతో బిగించే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ప్లగ్గు ఖరీదు చూసి చేసే పొదుపు కాదది, ఒట్టి బద్ధకం. ఇంకో సంగతి. బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది కాపాడేది తీగలను. మనిషికి షాకు కొట్టినప్పుడు కరెంటును చటుక్కున ఆపేది, 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైనా పడిపోయే ఆర్‌సీసీబీ. అది ఉంటే దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి, పడిపోతోందో లేదో చూసుకోండి.

2. డాబా మీద స్టారు

అన్నిటికన్నా ప్రమాదమైన పని ఇదే. వీధిలో వెళ్లే 11 కేవీ (11 వేల వోల్టుల) లైను తీగలకు సాధారణంగా ఏ తొడుగూ ఉండదు. ఇంటికీ ఆ లైనుకూ పక్కవాటున కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలన్నది నిబంధన. కానీ అంత దూరం ఉన్నా గడ ఒరిగితే ఏం లాభం? కాబట్టి లెక్క గడ పొడవును బట్టి వేసుకోండి. 5 మీటర్ల గడ అయితే, అది నిలబెట్టే చోటు నుంచి తీగలు కనీసం 7 మీటర్ల అవతల ఉండాలి. అంత జాగా లేకపోతే స్టారును వరండాలో వేలాడదీయండి. వీధిలో అందరికన్నా ఎత్తున కట్టాలన్న పంతం ఇక్కడ పనికిరాదు.

ఇనుప గొట్టం అసలే వద్దు. వెదురు గడ కదా అని ధైర్యం చేయడానికీ లేదు. మంచుకు తడిసిన వెదురులోనూ కరెంటు పాకుతుంది. గడను పడుకోబెట్టి, స్టారు, తీగ దానికి కట్టేసి, అప్పుడు ఇద్దరు కలిసి లేపండి. మెట్లగది గోడకు రెండుచోట్ల బిగించండి. పిట్టగోడ ఎక్కకండి. స్టారు ఎగిరి కరెంటు తీగల మీద పడితే కర్రతో లాగకండి, 1912కు ఫోను చేయండి.

కాగితం స్టారులో పాతకాలపు 60 వాట్ల బల్బు కాగితాన్ని మాడ్చేస్తుంది. 5 నుంచి 9 వాట్ల ఎల్ఈడీ చాలు. బయట కట్టే సెట్టు మీద ఐపీ 65 (దుమ్ము, నీటి ధార లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉందేమో చూడండి. లైట్లను మినుకుమినుకుమనిపించే చిన్న డబ్బాను మాత్రం ఎప్పుడూ చూరు కిందే ఉంచాలి.

3. చెట్టు, పశువుల పాక

దూది, గడ్డి, థర్మకోల్ ఉన్నచోట కొవ్వొత్తి పెట్టకూడదు. పెట్టాలనిపిస్తే దూరంగా, నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. కొవ్వొత్తులు వెలుగుతున్నచోట స్నో స్ప్రే కొట్టనివ్వకండి. చాలా డబ్బాల్లో ఉండేది మండే వాయువే. సరుగుడు కొమ్మను క్రిస్మస్ చెట్టుగా పెట్టేవారు తడి ఇసుక బకెట్‌లో నాటండి. ఆకులు పెళుసుగా రాలడం మొదలైతే తీసేయండి.

చిన్నపిల్లలుంటే గాజు బంతులు పై కొమ్మలకే కట్టండి. వెలిగే బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ ఇంకా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

4. నిచ్చెన

ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కే సాహసం మానండి. నిచ్చెన ఎక్కండి, కింద ఒకరు పట్టుకోవాలి.

5. ఏదైనా జరిగితే

మంటలు వస్తే ముందు మెయిన్ ఆపండి. కరెంటు ఉండగా నీళ్లు చల్లకండి. మంట మీ చేతుల్లో లేదనిపిస్తే అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయండి. షాకు కొట్టిన మనిషిని కరెంటు ఆపకుండా ముట్టుకోకండి. ఆపాక 108కి ఫోను చేయండి. చర్మం కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు పూయకండి.

6. 24 రాత్రి

ఆరాధనకు అందరూ చర్చికి వెళ్తారు, ఇల్లు ఒంటరిగా వెలుగుతూ ఉంటుంది. బయలుదేరేముందు లైట్లన్నీ ఆర్పేయాలి. కొత్త బట్టల హడావిడిలో ఇదే మరిచిపోతాం. అందుకే మా ఇంట్లో ఆ నెలంతా తాళంచెవిని సీరియల్ లైట్ల స్విచ్చు పక్కన మేకుకు తగిలిస్తాం. ఒక చేత్తో తాళంచెవి తీసుకుంటుంటే రెండో చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి వెళుతుంది.