కార్డు లాక్ వైరింగ్: ముందు లాక్ లైను గీసుకోండి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పోయిన వేసవిలో నన్ను పిలిచారు. కార్డు పెడితే శబ్దం వస్తోంది, పచ్చలైటు వెలుగుతోంది, కానీ భుజంతో గట్టిగా నెడితే కార్డు లేకుండానే తలుపు తెరుచుకుంటోంది, రీడర్ మార్చండి అన్నారు. రీడర్ శుభ్రంగా ఉంది. వాచ్‌మన్ గదిలో ఉన్న సప్లై నుంచి 50 మీటర్ల దూరంలో ఉన్న మాగ్నెటిక్ లాక్‌కి ఎవరో నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక్క జతతో కరెంటు ఇచ్చేశారు. లాక్ దగ్గర మీటర్ పెడితే 9 వోల్టులు కూడా లేవు. 12 వోల్టుల లాక్ అర ఆంపియర్ దాకా లాగుతుంది, పోను రాను 100 మీటర్ల సన్నటి రాగి తీగ అంటే 8 ఓములు పైనే, మరి మూడు వోల్టులు దారిలోనే పోతాయి కదా. పవర్ సప్లైని తలుపు పక్కకి తెచ్చి, లాక్‌కి ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాం, అంతే.

అందుకే నేను చెప్పేది, పని మొదలుపెట్టే ముందు కాగితం మీద లాక్ లైను ఒక్కటే గీయండి. రిలే అంటే కార్డు సరిపోతే కంట్రోలర్ (కార్డుని సరిచూసే బోర్డు) మార్చే స్విచ్, దానికి మూడు టెర్మినళ్లు: కామ్ ఉమ్మడిది, ఎన్‌సీ మామూలుగా దానికి కలిసి ఉండేది, ఎన్‌ఓ మామూలుగా విడిగా ఉండేది. సప్లై ప్లస్ నుంచి రిలే కామ్‌కి, రిలే ఎన్‌సీ నుంచి లాక్ ప్లస్‌కి, లాక్ మైనస్ నుంచి నేరుగా సప్లై మైనస్‌కి. మాగ్నెటిక్ లాక్ కరెంటు ఉంటేనే పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది, కాబట్టి ఎన్‌సీ. కరెంటు ఇస్తే తెరుచుకునే స్ట్రైక్ లాక్ అయితే ఎన్‌ఓ వాడాలి, కానీ లోపలి వైపు చేతితో తిప్పితే తెరుచుకునే హ్యాండిల్ లేకుండా దాన్ని జనం తిరిగే తలుపుకి దయచేసి పెట్టకండి.

లోపలున్న మనిషి ఎప్పుడైనా బయటికి రాగలగాలి, దీనిమీద నేను ఎవరితోనూ బేరమాడను. ఎగ్జిట్ స్విచ్ కంట్రోలర్‌కి చెబితే కంట్రోలర్ లాక్‌కి చెబుతుంది, మరి కంట్రోలర్ హ్యాంగ్ అయినా, రిలే లోపల అతుక్కుపోయినా ఆ స్విచ్ నొక్కి లాభం లేదు. అందుకని ఆపదలో నొక్కే బ్రేక్ గ్లాస్ పెట్టెను లాక్ ప్లస్ వైరు మధ్యలోనే కలపండి, దాన్ని నొక్కితే వైరు తెగినట్టే, లాక్ వదలక తప్పదు. ఫైర్ అలారం ఉన్న బిల్డింగ్ అయితే దాని రిలేని కూడా ఇదే లైన్లో వరసగా కలపాలి.

ఇంకొకటి, చాలామంది డబ్బు మిగులుతుందని కీప్యాడ్‌లోనే రిలే ఉన్న డబ్బాను తలుపు బయట బిగిస్తారు. స్క్రూ తీసి లోపలి రెండు వైర్లు కలిపితే, లేదా లాక్ వైరు కత్తిరిస్తే తలుపు తెరుచుకుంటుంది, ఇక కార్డు ఎందుకు? బయట రీడర్ మాత్రమే ఉండాలి, కంట్రోలర్, సప్లై, బ్యాటరీ అన్నీ తాళం వేసిన పెట్టెలో లోపల ఉండాలి.

లాక్ టెర్మినళ్ల మీద 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఒకటి వేయండి, గీత ఉన్న కాలు ప్లస్‌కి. లాక్ ఆగిన ప్రతిసారీ కాయిల్ ఎదురు వోల్టేజీ కొడుతుంది, రిలే కాంటాక్టులు మాడేది దానివల్లే. కొన్ని లాకుల్లో ఇది లోపలే ఉంటుంది, కాగితం చూడండి.

రీడర్ నుంచి కార్డు నంబరు తెచ్చే డి0, డి1 వైర్లు మామూలుగా ఆకుపచ్చ, తెలుపు. అవి తారుమారైతే రీడర్ మోగుతుంది కానీ కంట్రోలర్ కార్డుని గుర్తించదు. రీడర్‌కి వేరే అడాప్టర్ పెడితే రెండు సప్లైల మైనస్‌లు కలపడం మరిచిపోకండి, సగం ఫిర్యాదులు ఇక్కడే. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ని కంట్రోలర్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఈ డి0, డి1 పద్ధతినే వీగండ్ అంటారు, అది 150 మీటర్ల వరకు నడుస్తుంది. 230 వోల్టుల వైర్లు ఉన్న పైపులో ఈ కేబుల్‌ని లాగొద్దు.

బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్‌ది చాలు. లాక్, రీడర్, కంట్రోలర్ కలిపి 0.7 ఆంపియర్ లాగితే లెక్కకి 10 గంటలు, నిజానికి కొంచెం తక్కువే. పడమటి గోడకి ఎండలో వేలాడే పెట్టెలో మాత్రం పెట్టకండి, మన ఎండలకి బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది.

అల్లూరు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట అయితే వైర్లు మెలేసి టేపు చుట్టడం పనికిరాదు. టేపు కింద రాగికి పచ్చగా కిలుము పట్టిపోయిన జాయింట్లు నేను చాలా విప్పాను. జెల్ ఉన్న కనెక్టర్లు వాడండి, లేదంటే సాల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి. మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకే కదా, ఆ గాలివానకి నీళ్లు వైరు వెంటే పారతాయి, అందుకని కేబుల్‌ని పెట్టె కింది నుంచి, ముందు ఒక వంపు కిందికి తిప్పి లోపలికి తీసుకోండి.

గేటు మోటారు దగ్గర లెక్క వేరు. దాని బోర్డుకి బయటి నుంచి 12 వోల్టులు ఇస్తే బోర్డు పోతుంది. రిలే కామ్, ఎన్‌ఓ రెండు వైర్లు మాత్రమే, వోల్టేజీ లేకుండా, బోర్డు స్టార్ట్ టెర్మినళ్లకి కలిపి, రిలే సమయం 1 సెకను పెట్టండి. గేటు మూసుకునే దారిలో ఫోటో సెన్సర్ లేకుండా ఆటోమేటిక్ క్లోజ్ ఆన్ చేయకండి, అక్కడ పిల్లలు ఆడుకుంటారు.

పని అయ్యాక ఎంసీబీ దించేసి బ్యాటరీ మీద కార్డు పెట్టి చూడండి, తర్వాత బ్యాటరీ వైరు కూడా పీకి లాక్ వదిలిందో లేదో చూడండి, మళ్లీ అన్నీ కలిపి లోపల నిలబడి బ్రేక్ గ్లాస్ నొక్కండి. ఈ మూడూ వాచ్‌మన్ చేత కూడా ఒకసారి చేయించాకే నిచ్చెన దించండి.