రక్తదాన శిబిరం పని నేర్చుకుందాం – 4: దాతను ప్రశ్నించడం

ఈసారి రక్తం సంచి తూకం గురించి చెప్పాల్సింది. పోయినసారి మీరు పంపిన జవాబులు చూశాక అది వాయిదా వేశాను. ప్రశ్న గుర్తుందిగా: ఆర్కే బీచ్ దగ్గర పచ్చబొట్టు వేయించుకుని ఇరవై రోజులైన కుర్రాడు, హెచ్‌బీఎస్‌ఏజీ (కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బీ వైరస్ పైపొర ప్రొటీన్), హెచ్‌సీవీ (హెపటైటిస్ సీ వైరస్) రెండు పరీక్షలూ నాన్‌రియాక్టివ్ అని నిన్నటి ల్యాబు చీటీ చూపించాడు. మీలో ఎక్కువమంది పడుకోబెట్టి సూది గుచ్చేశారు!

నాన్‌రియాక్టివ్ అంటే కిట్టుకు దొరకలేదని, అంతే. వైరస్ లేదని కాదు. హెచ్‌సీవీకి మామూలుగా చేసే ఎలైసా అనే రక్తపరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీని. పచ్చబొట్టు సూదితో వైరస్ ఒంట్లో చేరిందనుకోండి, ఆ యాంటీబాడీ పరీక్షకు అందేంత తయారవడానికి 8 నుంచి 11 వారాలు పడుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీ సగటున 4 వారాలకు కనబడుతుంది, ఒక్కోసారి 9 వారాలు కూడా పట్టొచ్చు. ఆలోగా మనిషి దుక్కలా ఉంటాడు, కళ్లు పచ్చబడవు, రక్తంలో మాత్రం వైరస్ తిరుగుతూనే ఉంటుంది. నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష ఈ గడువును బాగా తగ్గిస్తుంది, పూర్తిగా చెరపదు. పైగా అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ ఉండదు.

"ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) చలికి మంచులా గడ్డకట్టిస్తారు కదా, వైరస్ చావదా?" అని ఒకరు రాశారు. చావదు. ఆ ఒక్క సంచీనే ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తే ముగ్గురు రోగులకు ఎక్కుతుంది.

అందుకే పచ్చబొట్టుకు 12 నెలలు ఆగమంటారు. ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ ఉన్నా అంతే. తనకే బీ గానీ సీ గానీ ఉంటే ఇక ఎప్పటికీ దాత కాలేడు.

ఇక అడిగే తీరు. "జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడక్కండి, "లేవండీ" అనే అంటారు. నేనైతే "పచ్చబొట్టు చివరిసారి ఎప్పుడు?" అనే మొదలుపెడతాను. నెలలు గుర్తురాని వాళ్లను "నిరుడు సింహాచలం చందనోత్సవానికి ముందా, తర్వాతా?" అంటే టక్కున చెప్తారు. బంధువు కోసం వచ్చిన దాతనైతే ఆ బంధువుల ఎదుట అసలు అడగొద్దు. బావగారు పక్కనుండగా ఎవరు నిజం చెప్తారు?

అభ్యాసం: గాజువాక నుంచి వచ్చిన దాత. పదకొండు నెలల కిందట పచ్చబొట్టు, భార్యకు హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, మామగారికి రేపే ఆపరేషన్. మామగారు బయట బెంచీ మీదే కూర్చున్నారు. ఈ దాతతో మీరు మాట్లాడే ప్రతి మాటా రాసి పంపండి. వెనక్కి పంపడానికి బయటికి ఏ కారణం చెప్తారో కూడా రాయాలి, అందులో భార్య ఊసు రాకూడదు.