నేల దగ్గర జాగ్రత్త – 4వ పాఠం: బౌన్స్ అయిన వెంటనే ఏం చేయాలి?

పోయిన పాఠంలో టాక్సీ చేసేటప్పుడు (నేల మీద విమానాన్ని నడిపేటప్పుడు) గాలిని బట్టి యోక్ (విమానాన్ని తిప్పే హ్యాండిల్) ఎటు పట్టుకోవాలో చూశాం. గాలి ముందు నుంచి ఏటవాలుగా వస్తుంటే యోక్ గాలి వైపుకి తిప్పాలి. వెనక నుంచి వస్తుంటే గాలికి అవతలి వైపుకి తిప్పి, ముందుకు నెట్టి పట్టుకోవాలి. ఇది ఇంకా ఆలోచించుకోవాల్సి వస్తోందంటే ఆ పాఠం ఇంకోసారి చదివి రండి, తొందరేమీ లేదు.

ఈ పాఠం ల్యాండింగ్ గురించి. అందులోనూ చక్రాలు రన్‌వేని తాకి, విమానం మళ్లీ పైకి లేచాక వచ్చే ఒకటి రెండు సెకన్ల గురించి. ఉదాహరణకి సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం తీసుకుంటున్నాను. ఇక్కడైనా, అమెరికాలోనైనా శిక్షణ తీసుకునే మనవాళ్లలో చాలామంది ఎక్కేది 172లే.

బౌన్స్ నేర్చుకునే వాళ్లందరికీ అవుతుంది. దానికి భయపడక్కర్లేదు. చాలాసార్లు విమానాన్ని దెబ్బతీసేది ఆ తర్వాత పైలట్ చేసే పని. వేగం ఎక్కువగా ఉండి, ఫ్లేర్ (దిగే ముందు ముక్కుని మెల్లగా ఎత్తడం) సరిగా చేయకపోతే నోస్ వీల్ (ముక్కు కింది చక్రం) ముందు తగులుతుంది. తగలగానే ముక్కు పైకి లేస్తుంది, రెక్కకి గాలి తగిలే కోణం పెరుగుతుంది. ఎగరడానికి చాలినంత వేగం ఇంకా ఉంది కాబట్టి విమానం పైకి పోతుంది. అద్దంలో రన్‌వే పోయి ఆకాశం కనిపిస్తుంది. కంగారులో చేయి తనంతట తానే యోక్‌ని ముందుకు నెడుతుంది. ప్రమాదమంతా ఇక్కడే. మీరు నెట్టిన ఫలితం కాస్త ఆలస్యంగా వస్తుంది. ముక్కు దిగే సమయానికి విమానం కూడా దిగడం మొదలుపెట్టి ఉంటుంది. రెండూ కలిసి నోస్ వీల్ ఈసారి ఇంకా గట్టిగా నేలని కొడుతుంది, ముక్కు ఇంకా పైకి లేస్తుంది. మీరు మళ్లీ నెడతారు. ప్రతి దెబ్బా ముందుదానికంటే గట్టిగా పడుతుంది. దీన్నే పోర్పాయిజింగ్ అంటారు.

172లో నోస్ గేర్ బరువంతా ఇంజిన్ వెనక అడ్డుగోడలా ఉన్న ఫైర్‌వాల్ మీద పడుతుంది. ప్రొపెల్లర్ కొనకీ నేలకీ మధ్య ఖాళీ మామూలుగానే అడుగు లోపు. స్ట్రట్ (చక్రానికి తగిలే దెబ్బని ఆపే కాలు) పూర్తిగా నొక్కుకుపోతే అది ఇంకా తగ్గిపోతుంది. అలాంటి దెబ్బలకి ఫైర్‌వాల్ వంగొచ్చు, ప్రొపెల్లర్ నేలకి తగలొచ్చు.

మరి ఏం చేయాలి? బౌన్స్ చిన్నదైతే, అంటే రెండు మూడు అడుగులే లేస్తే, ముక్కు ఉన్న చోటే ఉంచండి. నెట్టొద్దు, అలాగని గట్టిగా లాగొద్దు కూడా. కిందికి దిగడం మొదలవగానే కొంచెం పవర్ ఇచ్చి, మళ్లీ మెల్లగా ఫ్లేర్ చేసి మెయిన్ వీల్స్ (వెనక రెండు చక్రాలు) మీద దించండి. అంతకంటే ఎత్తు లేచినా, రెండోసారి బౌన్స్ అయినా, ఎంత లేచిందో మీకే తెలియకపోయినా గో అరౌండే, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి ఎక్కడమే. మూడో దెబ్బ దాకా ఆగొద్దు.

గో అరౌండ్‌లో పవర్ ఇస్తూ యోక్‌ని ముందుకు పట్టుకోవాలి. ఇక్కడ చాలామంది స్టూడెంట్లకి ఒక అనుమానం వస్తుంది. అది న్యాయమైనదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. "బౌన్స్ అయితే నెట్టొద్దు అన్నారు, ఇప్పుడేమో ముందుకు పట్టుకోమంటున్నారు, ఏది నిజం?" రెండూ నిజమే. ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగుతూ వచ్చే చివరి భాగంలో) మీరు తక్కువ వేగానికి ట్రిమ్ చేసి (యోక్ పట్టుకోకున్నా ఆ వేగం నిలిచేలా సర్ది) ఉంటారు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే రేకులు) పూర్తిగా దిగి ఉంటాయి. ఆ స్థితిలో థ్రాటిల్ మొత్తం తెరిస్తే ముక్కు బలంగా పైకి లేస్తుంది. వదిలేస్తే నేలకి కొన్ని అడుగుల ఎత్తులోనే స్టాల్ అయ్యే (రెక్కకి ఎత్తే బలం పోయే) ప్రమాదం ఉంది. అందుకని పవర్ ఇస్తూనే ముక్కు లేవకుండా ఆపి పట్టుకోవాలి. ఇక్కడ మీరు చేస్తున్నది ముక్కుని ఉన్నచోట నిలబెట్టడం, కిందికి దించడం కాదు. ఆ పవర్‌కి విమానం ఎడమకి లాగుతుంది కాబట్టి కుడి రడ్డర్ (కాలి పెడల్) వెయ్యాలి. ఫ్లాప్స్ ముందు 20 డిగ్రీలకి తేవాలి. వేగం 60 నాట్లకి వచ్చి, విమానం నిలకడగా ఎక్కుతున్నాక మిగతావి అంచెలంచెలుగా తీయాలి. అన్నీ ఒకేసారి తీసేస్తే విమానం కిందికి దిగిపోతుంది. కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే నాబ్) ఉన్న పాత 172 అయితే దాన్ని కూడా లోపలికి నెట్టాలి. ఏటీసీతో (కంట్రోల్ టవర్‌తో) మాట్లాడటం వీటన్నిటి తర్వాతే.

అసలు బౌన్స్ తగ్గాలంటే చూసుకోవాల్సింది ఫైనల్‌లో వేగం. ఫ్లాప్స్ దించి 65 నాట్లతో రావాల్సిన చోట 75తో వస్తే, దించుకోవాల్సిన శక్తి 33 శాతం పెరిగినట్టు. ఆ ఎక్కువ వేగం రన్‌వే మీద ఫ్లోట్‌గా (దిగకుండా తేలుతూ పోవడంగా) మారుతుంది. ఫ్లోట్ అవుతున్నప్పుడు ఓపిక పోయి బలవంతంగా దించాలని చూస్తే నోస్ వీల్ ముందు తగులుతుంది.

ఎండాకాలంలో బేగంపేటలో ఎగిరేవాళ్లకి ఇంకో మాట. అక్కడ ఎత్తు సుమారు 1,740 అడుగులు. 40 డిగ్రీల మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి ఎంత పల్చబడిందో ఎత్తుగా చెప్పే లెక్క) 5,000 అడుగులు దాటుతుంది. మీటర్‌లో 65 చూపిస్తున్నా అసలు వేగం 70 దాకా ఉంటుంది. నేల త్వరగా వచ్చేస్తున్నట్టు అనిపించి టెన్షన్‌తో వేగం తగ్గించేయకండి. మీటర్‌లో అదే 65 ఉంచండి, రన్‌వే మాత్రం ఎక్కువ పడుతుందని ముందే లెక్కేసుకోండి. ఫ్లేర్ చేసేటప్పుడు చూపు ముక్కు ముందున్న తారు మీద కాకుండా రన్‌వే చివరన ఉండాలి.

గట్టిగా దిగారనుకోండి. పైకి ఏమీ కనిపించకపోయినా ఇంజినీర్‌కి చెప్పి, టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) రాయండి. ఈ విషయంలో మొహమాటం వద్దని బతిమాలి చెబుతున్నాను. మీ తర్వాత అదే విమానంలో ఒంటరిగా సోలోకి వెళ్లే పిల్లో పిల్లాడో ఉంటారు. ప్రొపెల్లర్ నేలకి ఏమాత్రం తగిలినా ఇంజిన్ లోపల తనిఖీ చేయకుండా అది మళ్లీ ఎగరకూడదు. ప్రీఫ్లైట్‌లో (ఎగిరే ముందు చేసే తనిఖీలో) మీరు కూడా నోస్ గేర్ దగ్గర వంగి, ఫైర్‌వాల్ కింది రేకు మీద ముడతలు ఉన్నాయా, రివెట్ల చుట్టూ నల్లటి మరక ఉందా చూడండి. నల్లటి మరక ఉందంటే ఆ రివెట్ వదులై లోపల కదులుతున్నట్టు లెక్క. అలాగే తోక కింద తాడు కట్టే రింగు చూడండి. అది కొత్తగా అరిగి మెరుస్తుంటే ఎవరో ముక్కు మరీ ఎత్తి దించారన్నమాట.

ఇంటి దగ్గర సాధన: కుర్చీలో కూర్చుని, కుడి చేయి థ్రాటిల్ మీద ఉన్నట్టు పెట్టుకోండి. కళ్లు మూసుకుని "బౌన్స్" అని పైకి అనండి. వెంటనే పవర్, ముక్కు, రడ్డర్, ఫ్లాప్స్ వరసలో చేతులూ కాళ్లూ కదలాలి. నోటితో చెప్పడానికి ముందే చేయి కదిలేదాకా రోజూ చేయండి. తర్వాత మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి, ఫ్లేర్‌లో ఉండగా ఆయన అకస్మాత్తుగా "గో అరౌండ్" అనేలా ఒక సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఒక రౌండ్) చేయించుకోండి.

వచ్చే పాఠం క్రాస్‌విండ్. ఈలోగా ఈ లెక్క చేసి పెట్టుకోండి: రన్‌వే 27 (అంటే 270 డిగ్రీల దిశ), గాలి 300 డిగ్రీల నుంచి 12 నాట్లు. పక్కగాలి ఎంత, ఎదురుగాలి ఎంత, టాక్సీలో యోక్ ఎటు?