దూరంగా ఉన్న టీమ్‌కి పని నేర్పించడం ఎలా

మా టీమ్‌లో ఏ ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని పనిచేయరు. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పించే బాధ్యత నాది. ఎవరైనా చేరిన మొదటి వారాల్లో నేను ముందు గమనించేది ఒకటే: వాళ్ల డౌట్లు ఎక్కడికి వెళ్తున్నాయి? అందరూ ఉండే గ్రూపులోకా, ఒక్కరి ఇన్‌బాక్స్‌లోకా? ఒక్కరికే వెళ్తుంటే ప్రశ్న ఆ ఒక్కరికే తెలుస్తుంది, జవాబు అడిగినవాళ్లకే అందుతుంది. వచ్చే నెల చేరే మనిషి అదే ప్రశ్నతో మళ్లీ అదే సీనియర్ దగ్గరికి వెళ్తారు.

పక్కపక్కన కూర్చున్నప్పుడు ఈ సమస్య ఇంతగా కనిపించదు. పక్క సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే చెవిన పడుతుంది, అవసరమైనప్పుడు గుర్తొస్తుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే చాలా పని అలా వచ్చేస్తుంది. అమెరికాలోని ఎంఐటీలో థామస్ ఆలెన్ అనే ప్రొఫెసర్ 1970ల్లో ఇంజనీర్లు ఎవరితో ఎంత తరచుగా మాట్లాడుకుంటున్నారో లెక్కకట్టి చూశారు. సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు వేగంగా తగ్గిపోయాయి. 50 మీటర్లు దాటాక ఇద్దరు వారానికోసారి మాట్లాడుకోవడం కూడా అరుదే. చాట్, వీడియో కాల్ వచ్చి ఆ దూరాన్ని చెరిపేశాయని అంటారు. ఫలానా మనిషితో మాట్లాడాలని మనం అనుకున్నప్పుడు అది నిజమే. చెవిన పడే మాటలు మాత్రం వాటంతటవి తిరిగి రాలేదు. వాటిని మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు ఎలాగో చెప్తాను.

డౌట్లని గ్రూపులోకి తేవడం

"ఏదైనా గ్రూపులోనే అడగాలి" అని రూల్ పెడితే ఎవరూ అడగరు. కొత్తవాళ్లకి అందరి ముందూ అడగడమంటే టెన్షన్. ఈ మాత్రం తెలియదా అనుకుంటారేమోనని బెరుకు. అందుకే సీనియర్లు మొదలుపెట్టాలి. వాళ్లకి నిజంగా వచ్చిన డౌట్లు ఎంత చిన్నవైనా సరే, గ్రూపులోనే అడగమనండి. బాగా అనుభవం ఉన్న మనిషి "ఈ ఫైల్ ఎక్కడ పెట్టామో ఎవరికైనా గుర్తుందా?" అని అడగడం కళ్లబడితే కొత్తవాళ్ల భయం చాలావరకు పోతుంది.

విడిగా మెసేజ్ వస్తే విసుక్కోకండి. "ఇది ఇంకొకరికీ పనికొస్తుంది, గ్రూపులో పెట్టండి, అక్కడే చెప్తాను" అనండి. పెట్టగానే జవాబివ్వండి. అక్కడ గంటలకొద్దీ పలకకపోతే వాళ్లు మళ్లీ ఇన్‌బాక్స్‌కే వస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. జీతం, సెలవు, ఆరోగ్యం, పనిలో లోపాలు చెప్పడం మాత్రం ఎప్పుడూ విడిగానే.

ప్రశ్న రాయడం కూడా నేర్పించాల్సిన విషయమే. చాలామంది ఇలా రాస్తారు:

"హాయ్ అండీ"
"ఒక చిన్న డౌట్"
"ఖాళీగా ఉన్నారా?"

అవతలి మనిషికి మూడుసార్లు ఫోన్ మోగింది, విషయం మాత్రం ఇంకా తెలియలేదు. అదే డౌట్ ఇలా రాయొచ్చు:

"నిన్నటి రిపోర్టులో మొత్తం, పాత రిపోర్టులో మొత్తం కలవడం లేదు. తేడా 312. రెండింటిలోనూ ఒకే ఫిల్టర్లు పెట్టాను. తేదీలు మార్చి చూసినా తేడా అంతే ఉంది. రద్దయిన ఆర్డర్లని కొత్త రిపోర్టు కలుపుకుంటోందని నా అనుమానం. నిజమేనా? సాయంత్రం 4 లోపు చెప్తే చాలు, అప్పటిదాకా వేరే పని చూసుకుంటాను."

ఏం చూశారు, ఏం రావాలనుకున్నారు, ఏం ప్రయత్నించారు, ఏం అనుమానిస్తున్నారు, ఎప్పటికి కావాలి అన్నీ అందులో ఉన్నాయి. చివరి వాక్యాన్ని నేను పట్టుబట్టి రాయిస్తాను. గడువు తెలిస్తే జవాబిచ్చేవాళ్లు చేతిలో ఉన్న పని పూర్తి చేసుకుని తీరిగ్గా చూడగలరు. గడువు లేని ప్రతి ప్రశ్నా అర్జెంటుగానే కనిపిస్తుంది.

అనుమానం రాయమనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. ముందు మనం ఒక జవాబు ఊహించి, తర్వాత సరైనది తెలుసుకుంటే, ఊహ తప్పయినా సరే, ఊరికే జవాబు చదివినదానికంటే బాగా గుర్తుంటుంది. ప్రయోగాల్లో తేలిన విషయమిది. అంటే ఆ ఒక్క వాక్యం రాయడంతోనే నేర్చుకోవడం మొదలైనట్టు.

జవాబిచ్చేవాళ్లకీ ఒక మాట. "అవును, రద్దయినవి కూడా కలుస్తున్నాయి" అంటే పని జరిగిపోతుంది. "రిపోర్టు సెట్టింగ్స్‌లో స్టేటస్ అనే చోట చూడండి, అక్కడ అన్నీ టిక్ అయి ఉన్నాయి. మొత్తాలు కలవనప్పుడు నేను ముందు అక్కడే చూస్తాను" అంటే ఇలాంటివి ఇంకో నాలుగు వాళ్లే చూసుకోగలరు. జవాబుని ఆ ప్రశ్న కిందే, అదే థ్రెడ్‌లో ఇవ్వండి. ఆరు నెలల తర్వాత వెతికినవాళ్లకి రెండూ ఒకేచోట దొరకాలి.

రాసే భాష మీద పట్టు లేనివాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. పనిలో చురుకే, నాలుగు వాక్యాలు రాయమంటే వెనకాడతారు. వాళ్లని వాయిస్ మెసేజ్ పెట్టమనండి, తమ భాషలోనే పెట్టమనండి. దాన్ని ఎవరో ఒకరు రెండు ముక్కల్లో రాసి కింద పెడితే వెతుకులాటలోనూ దొరుకుతుంది. రాయడం రానివాళ్ల డౌట్లు బయటికే రాకుండా పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ లోటుని టీమ్ పూడ్చాలి, వాళ్ల మీద వదిలేయకూడదు.

కాల్‌లో అందరికీ చోటివ్వడం

చాట్‌లో ఒకే విషయం మీద మూడుసార్లు అటూ ఇటూ అయినా తేలలేదంటే కాల్ చేసేయండి. కాల్ అయ్యాక ఏం తేలిందో రెండు వాక్యాలు ఆ థ్రెడ్‌లోనే రాయండి. ఇంతవరకూ సులువే. కష్టమంతా పదిమంది ఉన్న కాల్‌తోనే.

పది భాషల్లో మాటల తీరుని పోల్చి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. ఒకరు ప్రశ్న ముగించాక ఇంకొకరు అందుకునే లోపు ఉండే విరామం సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుందని, భాష మారినా ఆ లెక్క పెద్దగా మారదని అందులో తేలింది. అదే కాల్‌లో ఏం జరుగుతుందో చూడండి. మాట అటు చేరడానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెప్తుంది. సరిగ్గా అంతే ఉందనుకున్నా, పోయి రావడానికి 300. అంటే మనకి అలవాటైన విరామం కంటే నెట్‌వర్క్ ఆలస్యమే ఎక్కువ. అవతలి మనిషి నోరు తెరిచేసరికే మనకి వాళ్లు మౌనంగా ఉన్నట్టు అనిపిస్తుంది, మనమే మళ్లీ అందుకుంటాం. ఇద్దరి మాటా గుద్దుకుంటుంది. "మీరు చెప్పండి", "లేదు లేదు, మీరే చెప్పండి" మొదలవుతుంది. ఇది రెండుసార్లు జరిగితే నెమ్మదైన మనిషి మైక్ మ్యూట్ చేసుకుని ఇక తియ్యరు.

అందుకని కాల్ నడిపేవాళ్లు విరామాన్ని కావాలని పెంచాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో దీన్ని గమనించారు. టీచర్లు ప్రశ్న అడిగాక మామూలుగా ఒక్క సెకను ఆగుతున్నారు. ఆ ఆగడాన్ని 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడక్కుండానే చెప్పేవాళ్లు పెరిగారు. కాల్‌లో దానికి నెట్‌వర్క్ ఆలస్యం కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ ఆగండి. నేను మనసులో ఎనిమిది దాకా లెక్కపెడతాను. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, ఆగండి.

ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్రశ్న అడిగి, "అందరూ చాట్‌లో టైప్ చేయండి, పంపకండి" అంటాను. ఒక నిమిషం తర్వాత "ఇప్పుడు పంపండి" అంటాను. జవాబులన్నీ ఒక్కసారే తెర మీదికి వస్తాయి. సీనియర్ ఏమన్నారో చూసి దాన్నే తిప్పి రాసే వీలు ఎవరికీ ఉండదు. తర్వాత పేరు పిలిచి మాట్లాడించేటప్పుడు అందరికంటే కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టండి, మేనేజర్ చివర మాట్లాడాలి. మేనేజర్ అభిప్రాయం ముందే వినేశాక మిగతావాళ్లు చెప్పేది చాలావరకు దానికి వంతపాటే.

కెమెరా గురించి పేచీ వద్దు. నెట్ సరిగ్గా లేనివాళ్లు వీడియో ఆపేసుకోవచ్చని ముందే చెప్పండి. మాట స్పష్టంగా వినపడటం ముఖ్యం, దానికి వీడియోకి కావలసిన డేటాలో చిన్న భాగం చాలు. వీడియో కాల్స్‌తో వచ్చే అలసట గురించి 2021లో రాసిన స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ చెప్పిన కారణాల్లో ఒకటి, మన ముఖం మనకే గంటలకొద్దీ కనిపిస్తూ ఉండటం. దాన్ని దాచే ఆప్షన్ ఉంటుంది, అందరికీ చూపించండి.

రికార్డింగ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. గంట రికార్డింగ్ ఎవరూ మొత్తం చూడరు. "12వ నిమిషంలో ధరల మార్పు, 31లో టెస్టింగ్ పద్ధతి" అని రెండు వరుసలు రాస్తే ఆ ముక్కలైనా చూస్తారు.

స్క్రీన్ నేర్చుకునేవాళ్ల చేతిలో

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే కంప్యూటర్ పరిశోధకుడు ఒక ప్రదర్శన ఇచ్చారు. దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్క్‌లో ఉన్న తన సహచరుడి ముఖం తెర మీద చూస్తూ, ఇద్దరూ ఒకే డాక్యుమెంట్ మీద పనిచేసి చూపించారు. అంత పాత ఆలోచన ఇప్పుడు ఒక్క బటన్‌గా మన చేతిలో ఉంది. మనం మాత్రం దాన్ని ఎక్కువగా ఒకవైపే వాడుతున్నాం: తెలిసినవాళ్లు స్క్రీన్ షేర్ చేస్తారు, తెలియనివాళ్లు చూస్తూ తలూపుతారు.

దాన్ని తిప్పేయండి. నేర్చుకునేవాళ్లే స్క్రీన్ షేర్ చేయాలి, మౌస్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు "పైన కుడివైపు మూడో బటన్ నొక్కండి" అన్నారంటే మళ్లీ మీరే చేస్తున్నట్టు. "ఇది ఎక్కడ ఉండొచ్చనుకుంటున్నారు?" అని అడిగి ఊరుకోండి. మౌస్ పాయింటర్ ఒక మెనూ దగ్గర ఆగుతుంది, వెనక్కి వస్తుంది, ఇంకోచోట తచ్చాడుతుంది. ఆ తచ్చాట చూస్తే మీ సాఫ్ట్‌వేర్‌లోనో మీ వివరణలోనో తికమక ఎక్కడుందో అర్థమైపోతుంది. వాళ్లు తప్పు బటన్ మీదికి వెళ్తున్నా, డేటా పోయే ప్రమాదం లేకపోతే వెళ్లనివ్వండి. ఏం జరిగిందో చూసి వాళ్లే వెనక్కి వచ్చినది మర్చిపోరు.

ఇలాంటి సెషన్‌కి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మనుషులు పెరిగితే మధ్యలో దారులు ఇంకా వేగంగా పెరుగుతాయి: 5 మందిలో ఇద్దరిద్దరి జంటలు 10, 12 మందిలో 66. అంతమందితో సమాచారం పంచుకోవచ్చు గానీ పని నేర్పించలేరు.

రాసిపెట్టడం

డాక్యుమెంట్ ఎవరు రాయాలి? బాగా తెలిసినవాళ్లు రాయాలని అనుకుంటాం. నా అభిప్రాయంలో నిన్ననే నేర్చుకున్నవాళ్లు రాయాలి. చేయి తిరిగినవాళ్లకి కొన్ని మెట్లు అసలు మెట్లుగానే కనిపించవు. "లాగిన్ అయ్యి రిపోర్టు తీయండి" అని రాసేస్తారు. ఆ లాగిన్‌కి పర్మిషన్ ఎవరిని అడగాలో, అది రావడానికి ఒక రోజు పడుతుందని నిన్న చేసినవాళ్లకే తెలుసు. వాళ్లు రాస్తారు, సీనియర్ తప్పులు దిద్దుతారు. తర్వాత చేరినవాళ్లు ఎవరి సాయం లేకుండా దాన్ని చూసి పని చేయాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ వాళ్లే సరిచేయాలి, అప్పటికప్పుడే.

చక్కగా రాయలేమని ఆగేవాళ్లకి నేను చెప్పే విషయం ఇది. ఇంటర్నెట్‌కి పునాది అయిన నెట్‌వర్క్‌ని 1969లో కట్టినవాళ్లు నాలుగు వేర్వేరు చోట్ల ఉన్నారు. వాళ్లలో ఒకరైన స్టీవ్ క్రాకర్ ఆ ఏప్రిల్‌లో నోట్స్ రాసి పంచుకునే పద్ధతి మొదలుపెట్టారు. నోట్ నున్నగా ఉండటం కంటే సమయానికి రావడం మేలని, సమాధానం లేని ప్రశ్న ఒక్కటే ఉన్నా పంపొచ్చని నియమం పెట్టుకున్నారు. మీ టీమ్ డాక్యుమెంట్ల పైన కూడా "ఇది సగం రాసింది, తెలిసినవాళ్లు పూర్తి చేయండి" అని పెట్టే వీలు ఉండాలి.

పాత వెర్షన్లు దాచే టూల్ వాడండి. వికీపీడియా 2001లో మొదలైనప్పుడు ఎవరైనా దిద్దొచ్చు అంటే నమ్మనివాళ్లే ఎక్కువ. ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది, చెడగొడితే ఒక్క నొక్కుతో వెనక్కి తేవొచ్చు కాబట్టే అది నిలిచింది. పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లడం ఎలాగో కొత్తవాళ్లకి మొదటి రోజే చూపించండి. అది తెలిశాక దిద్దడానికి భయపడరు. ప్రతి పేజీ పైన ఒక పేరు, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. తేదీ లేని పేజీని నమ్మి పనిచేస్తే చిక్కుల్లో పడతారు.

నోటిఫికేషన్ల గురించి ఎక్కువ చెప్పను. నిజంగా అర్జెంటైతే ఫోన్ చేయాలి, మిగతావి చూసినప్పుడు చూస్తారు అని టీమ్ మొత్తం ఒప్పుకుంటే చాలు.

ఇవన్నీ పనిచేస్తున్నాయా అని తెలుసుకోవడానికి గ్రూపులో ఒక నెల మెసేజ్‌లు వెనక్కి వెళ్లి చూడండి. జవాబులన్నీ ఒకరిద్దరి దగ్గరి నుంచే వస్తుంటే ఇంకా పని మిగిలి ఉంది. రెండు నెలల కిందట చేరినవాళ్లు నిన్న చేరినవాళ్లకి జవాబిస్తుంటే దారిలో పడ్డట్టే. ఆ ఒకరిద్దరు వారం సెలవు పెట్టినప్పుడు ఆగిపోయిన పనులేమిటో రాసి ఉంచండి. వాళ్లు తిరిగి రాగానే అందులో మొదటిది తీసుకుని, కొత్తవాళ్లని స్క్రీన్ షేర్ చేయమని, వాళ్ల చేతే చేయించి, వాళ్ల చేతే రాయించండి.