ఫ్యూజు నల్లగా మాడితే కొత్తది పెట్టకండి

మొన్న వానలప్పుడు పరకాల నుంచి ఒక రిటైర్డ్ సారు పాత 21 అంగుళాల కలర్ టీవీని ట్రాలీ ఆటోలో వేసుకొని హనుమకొండ చౌరస్తా దగ్గర సందులో ఉన్న మా దుకాణానికి వచ్చారు. డబ్బా మీద లేసు గుడ్డ కూడా తీయలేదు. "తమ్మీ, ఫ్యూజే పోయింది. ఊళ్లె పిలగాడు రెండుసార్లు ఏసిండు, రెండుసార్లూ టప్పుమన్నది. మంచిది ఒకటి ఏసియ్యి" అన్నారు. "సార్, సాయంత్రం దాకా టైమివ్వండి" అన్నాను.

గాజు ఫ్యూజును వెలుతురుకు పెట్టి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. తీగ మధ్యలో సన్నగా తెగి గాజు తేటగా ఉంటే, పాతబడి తెగిందేమో అనుకోవచ్చు. లోపల నల్ల మసి, వెండి పూత పట్టిందంటే మాత్రం గట్టి షార్టే. సారు తెచ్చింది రెండో రకం. ఇలాంటప్పుడు కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. రాగి తీగ చుడితే ఇంకా ఘోరం, ఈసారి బోర్డు మీద ట్రాకే, అంటే కరెంటు పారే రాగి గీతే, లేచిపోతుంది.

ఇంకో మాట. ఫ్యూజు పోయిందంటే తప్పు చాలా వరకు కరెంటు లోపలికొచ్చే వైపే ఉంటుంది. అంటే ప్లగ్గు నుంచి, కరెంటును వేగంగా ఆపి వదిలే స్విచింగ్ ట్రాన్సిస్టర్ దాకా. ట్రాన్స్‌ఫార్మర్ అవతల, పిక్చర్ ట్యూబు వైపు షార్టయితే ఫ్యూజు సాధారణంగా బతికే ఉంటుంది, సప్లై మాత్రం టిక్ టిక్ మని లేచి పడిపోతుంటుంది. అందుకే ముందు "ఫ్యూజు పోతున్నదా, టిక్కుమంటున్నదా?" అని అడుగుతాను. వెతకాల్సిన చోటు అక్కడికే సగమవుతుంది.

వెనక మూత తీశాక మొదట మెయిన్ కండెన్సర్ సంగతి చూడాలి, కరెంటును నిలవ ఉంచే, 400 వోల్టులని రాసి ఉన్న లావుపాటిది. మన 230 వోల్టులు బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) దాటి దాని మీద సుమారు 325 వోల్టుల డీసీగా నిలుస్తాయి. ప్లగ్గు తీసినా పోవు. స్క్రూడ్రైవర్‌తో చటుక్కున కలిపి డిశ్చార్జి చేసేవాళ్లను చూశాను, నేనూ నేర్చుకునే రోజుల్లో చేశాను. స్క్రూడ్రైవర్ మొన కరిగింది. ఇప్పుడు హోల్డరులో 60 వాట్ల బల్బు పెట్టి, దాని రెండు వైర్లూ కండెన్సర్ కాళ్లకు తాకిస్తాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరుతుంది. తర్వాత మీటరుతో కూడా చూసి సున్నా అనిపించుకున్నాకే చెయ్యి పెడతాను. పిక్చర్ ట్యూబు ఎర్ర టోపీ జోలికి ఈ పనిలో వెళ్లొద్దు, దాని మీద వేల వోల్టులుంటాయి.

కొత్తవాళ్లు బోల్తా పడే చోటొకటుంది. స్విచ్ ఆన్‌లో పెట్టి, ప్లగ్గు రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే ముప్పయ్యో నలభయ్యో వస్తుంది. "దొరికింది షార్ట్!" అని సంబరపడతారు. అది డీగాసింగ్ కాయిల్, తెర మీద రంగు మరకలు పోగొట్టేది. ట్యూబు చుట్టూ తిరిగే ఆ నల్ల కట్ట, వేడెక్కితే కరెంటును అడ్డుకునే పోసిస్టర్‌తో కలిసి నేరుగా మెయిన్స్ మీదే ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు తక్కువే చూపిస్తుంది. దాని సాకెట్ పీకేసి మళ్లీ కొలవండి. అప్పుడు కూడా సున్నా వస్తే వోల్టేజీ మితిమీరితే అడ్డుపడి మిగతా బోర్డును కాపాడే వేరిస్టర్, కరెంటులోని గోలను వడకట్టే ఫిల్టర్ కండెన్సర్ అనుమానించాలి. మా ఊళ్ల వైపు గాలివానకు న్యూట్రల్ తెగి వోల్టేజీ ఒక్కసారి 400 దాకా లేచినప్పుడు వేరిస్టరే ముందు పోతుంది.

సారు టీవీలో కాయిల్ పీకితే ప్లగ్గు దగ్గర సున్నా లేదు. మెయిన్ కండెన్సర్ కాళ్ల మీద మీటరు డయోడ్ మోడ్‌లో పెడితే అంకె నిదానంగా పెరుగుతూ పోయింది, అంటే కండెన్సర్ చార్జి అవుతోంది. అక్కడ సున్నా దగ్గరే ఆగిపోతే స్విచింగ్ ట్రాన్సిస్టర్ పోయినట్టు లెక్క. అప్పుడు దాన్ని తీసేసి మళ్లీ కొలవాలి. అదే షార్టయితే పక్కన ఉండే ఓమ్‌లో సగం కూడా లేని చిన్న రెసిస్టర్, ట్రాన్సిస్టర్‌ను నడిపే డ్రైవ్ భాగంలోని చిన్న కండెన్సర్లు చూడకుండా కొత్తది వేయొద్దు. వేస్తే స్విచ్ నొక్కిన క్షణంలోనే అదీ పోతుంది.

ఇక మిగిలింది బ్రిడ్జి. నాలుగు డయోడ్లు. మూడింటికి ఒకవైపు 0.55 వోల్టులు వచ్చింది, రెండోవైపు రాలేదు, అంటే అవి మంచివే. నాలుగోదాని దగ్గర మీటరు రెండువైపులా కీచుమంది, అంటే అక్కడ షార్టే. డయోడ్ పోయిందనుకొని ఒక కాలు సోల్డర్ తీసి లేపాను. విడిగా చూస్తే డయోడ్ బంగారంలా ఉంది! బోర్డు మీద ఆ రెండు చుక్కల మధ్య మాత్రం కీచు ఆగలేదు. టార్చ్ పెట్టి చూస్తే డయోడ్ పక్కనే దానికి సమాంతరంగా ఒక చిన్న డిస్క్ కండెన్సర్, మీద 472 అని, అంటే 4700 పీఎఫ్ (పికోఫారడ్లు). అంచు మీద వెంట్రుకంత పగులు, పక్కన గోధుమ రంగు మరక. దాన్ని పీకగానే కీచు ఆగింది. నాలుగు డయోడ్లూ మార్చి ఈ బిళ్లను వదిలేసినవాళ్లకు ఫ్యూజు మళ్లీ పోతుంది, ఎందుకో మాత్రం అర్థం కాదు. ఎప్పుడో ఒకరోజు నాకూ అలా రెండు ఫ్యూజులు పోయాయి.

1 కేవీ (వెయ్యి వోల్టుల) రేటింగుదే కొత్తది వేశాను. ఇంకా ఫ్యూజు పెట్టలేదు. ఆ చోట 100 వాట్ల బల్బును సిరీస్‌లో కట్టాను. ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. షార్ట్ ఇంకా ఉంటే బల్బు నిండా వెలుగుతుంది, కరెంటు అర ఆంపియర్ దాటదు కాబట్టి ఏదీ పేలదు. అంతా బాగుంటే ఒక్కసారి వెలిగి మసకబారుతుంది. ఇక్కడ కూడా డీగాసింగ్ సాకెట్ పీకే ఉంచాలి, లేకపోతే ఆ కాయిల్ లాగే కరెంటుకు బల్బు వెలిగి మనల్ని కంగారు పెడుతుంది. సారు టీవీలో బల్బు మెరిసి మసకబారింది, తెర మీద చిరచిర మొదలైంది. అప్పుడు బల్బు తీసి, బోర్డు మీద రాసి ఉన్న రేటింగు ఫ్యూజే వేసి, కాయిల్ సాకెట్ తిరిగి పెట్టాను.

సాయంత్రం సారు వచ్చి, విరిగిన బిళ్లను అరచేతిలో వేసుకొని కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. "గిదేనా? పల్లీ గింజంత లేదు" అన్నారు. బల్లి తోకొకటి బోర్డు మూల నుంచి తీసి అదీ చూపించాను, ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.